ఈ పక్కవాళ్లమే

యెరూషలేము
కిస్లేవు నెల, ఇరవై రెండో రోజు

గెదోరు అన్నయ్యకు నీ చెల్లెలు అతారా రాస్తున్నది.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఒంటికి బాగానే ఉంది అని అర్థం. మనసు సంగతి అడక్కు.

మొన్న ఆలయం ముందు మైదానంలో దేశంలోని మగవాళ్లందర్నీ కూర్చోబెట్టారు. మన ఊరివాళ్లూ వచ్చారట కదా. కుండపోత వాన. ఆయన ఇంటికొచ్చేసరికి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి దుప్పటి కప్పాను.

"చలికి కాదు అతారా," అన్నారు. "బబులోను నుంచి వచ్చిన ధర్మశాస్త్రపు శాస్త్రి మాటలకి. పరాయి జాతి ఆడవాళ్లను చేసుకున్నవాళ్లు వాళ్లను పంపెయ్యాలట, పిల్లలతో సహా. జనమంతా సరే అన్నారు."

"మీరేమన్నారు?"

"నేనూ సరే అన్నాను. మనకేంటి, మీది బెన్యామీను గోత్రమేగా, మా జాతే!"

నా చేతిలో పప్పు గిన్నె ఉంది. దాన్ని కింద పడెయ్యకుండా పొయ్యి మీదికి ఎలా చేర్చానో నాకే తెలియదు.

పెళ్లి మాటలప్పుడు నాన్న "మాది గిబియోను" అని ఊరుకున్నారు. గిబియోనులో బెన్యామీను వాళ్లూ ఉన్నారు కనుక వీళ్లు అదే అనుకున్నారు. అది అబద్ధం కాదని నాన్న అప్పుడన్నారు, నేనూ నమ్మాను. ఆరేళ్లు హాయిగా నమ్మాను. ఇప్పుడు నమ్మలేకపోతున్నాను.

ఇంకో సంగతి. నువ్వు తిట్టకూడదు. పోయిన నెల మన రొట్టె రోజున ఆయన దుకాణంలో ఉన్నారు, అత్తగారు ఊళ్లో లేరు. నేను సిబ్యాకి బూజు రొట్టె ముక్క పెట్టి, అమ్మ మనకి నేర్పినట్టే ప్రశ్న అడిగి, జవాబు నేర్పించాను. నాలుగేళ్ల పిల్ల. ముద్దుగా చెబుతోందని పదిసార్లు చెప్పించాను. ఇప్పుడు అది బొమ్మతో ఆడుతూ కూడా అదే వల్లిస్తోంది.

నన్నేం చెయ్యమంటావు? జవాబు కట్టెల మోపులో పెట్టి పంపు. మన ముసలి ఇమ్రీ గాడిదలు మా వీధికి వచ్చేది వారానికి రెండుసార్లే అని మర్చిపోకు. ఈ కుండ పెంకు మీద రాయడానికి ఇంక చోటు లేదు.

అతారా


గిబియోను
కిస్లేవు నెల, ఇరవై ఆరు

చెల్లీ,

ముందు కూర్చో. నీళ్లు తాగు. నువ్వు చిన్నప్పుడు తేలుని చూస్తే ఊరంతా వినపడేలా అరిచేదానివి, తీరా చూస్తే అది ఎండుపుల్ల. ఇదీ అంతే అనుకో.

సిబ్యా సంగతి మాత్రం ఎండుపుల్ల కాదు. నువ్వు చేసింది పిచ్చి పని. కానీ నేనైనా అదే చేసేవాణ్ణి. మన ఇళ్లల్లో పిల్లకి పాలపళ్లు వచ్చాక ఆ రొట్టె పెట్టకుండా ఎవరున్నారు? నీకు నేనే పెట్టాను, నువ్వు నా మీదే ఊశావు.

నాన్న పడుకునే ఉంటున్నారు. మోకాళ్లు పట్టేశాయి. నీ ఉత్తరం చదివి వినిపించాను.  తర్వాత గోడకి వేలాడే అతుకుల చెప్పుల జత చూపించి, "అవి తీసి లోపల పెట్టు" అన్నారు. వాటిని ఎవరైనా ఎప్పుడైనా తీశారా చెల్లీ? తాత హయాంలో ఇల్లు తగలబడ్డప్పుడు ముందు బయటికి తెచ్చింది వాటినేనట. ఇప్పుడు గోనె కింద పెట్టాను. గోడ మీద వాటి మచ్చ మిగిలింది.

మొత్తానికి కథ ఎలా మొదలైందో చూడు. వీళ్ల ముత్తాతల నాటి యెహోషువ సైన్యం యెరికోని పడగొట్టింది, హాయి అనే పట్టణాన్ని బూడిద చేసింది, తర్వాతి వంతు మనది. మన హివ్వీయ జాతి పెద్దలు పోరాడితే చస్తామని తేల్చుకున్నారు. చిరిగిన చెప్పులకి అతుకులేసుకుని, రొట్టె కావాలని బూజు పట్టించి, పగిలిన ద్రాక్షారసపు తిత్తులు గాడిదలకెత్తి, "ఎంతో దూరం నుంచి వచ్చాం, మాతో ఒప్పందం చేసుకోండి" అన్నారు. వాళ్లు నమ్మి దేవుడి పేరు మీద ప్రమాణం చేశారు. మూడు రోజులకి తెలిసింది, మనం కొండ అవతలివాళ్లమని. చంపలేరు, ప్రమాణం అడ్డం. వదల్లేరు, కోపం. దాంతో తరతరాలుగా బలిపీఠానికి కట్టెలు కొట్టమని, నీళ్లు తోడమని మన మెడకి కట్టారు. అందుకే మన ఇళ్లల్లో ఆ ప్రశ్న, ఆ జవాబు. ఎక్కడివాళ్లమనే సంగతిలో మనవాళ్లు మళ్లీ అబద్ధమాడకూడదని.

నాన్న ఆడలేదు, ఊరుకున్నారంతే. నువ్వూ ఊరుకో. ఎవరైనా అడిగితే "మాది గిబియోను" అను. పిల్లకి ఇంకో పాట ఏదైనా నేర్పి అది మరిపించు.

గెదోరు


యెరూషలేము
తెబేతు నెల, పన్నెండు

అన్నయ్యా,

విచారణ మొదలైంది. వీధి వీధికీ వంతు వేశారు. ఊరి ద్వారం దగ్గర పెద్దలు కూర్చుంటారు, పక్కన ఒకడు తోలు చుట్ట పరుచుకుని రాస్తుంటాడు. పిలిస్తే మొగుడూ పెళ్లాం పిల్లలూ అందరూ వెళ్లాలి.

మా ఎదురింటి కుమ్మరి భార్య తిర్నా నీకు గుర్తుందా? సముద్రపు ఒడ్డున అష్డోదు నుంచి వచ్చిన పరాయి జాతి పిల్ల, పెద్ద గొంతు, సిబ్యా పుట్టినప్పుడు నాకు వేణ్ణీళ్లు కాచిపెట్టింది. నిన్న ఆవిణ్ణి పంపేశారు. ఇద్దరు పిల్లలు, ఒక గాడిద, మూడు కుండలు. కుమ్మరి గుమ్మంలో నిలబడి చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఆవిడ నా వైపు తిరిగి, "నీకేంలే అతారా, నువ్వు వాళ్లమ్మాయివి" అంది. నేను తలాడించాను అన్నయ్యా. తలాడించాను! దారిలో తినమని అత్తిపండ్ల ఉండ ఇచ్చి లోపలికి వచ్చేశాను. అంతకంటే ఏం చెయ్యలేదు.

అత్తగారు మధ్యాహ్నం వెల్లుల్లి వలుస్తూ, "పీడా పోయింది, దాని వంటలో చేపల కంపు" అన్నారు. కాసేపటికి మళ్లీ ఆవిడే, "పిల్లలు ఏడవలేదు చూశావా? ఏడ్చుంటే బాగుండేది" అన్నారు. ఆవిడ లోపల ఏముందో ఎప్పటికీ అంతుపట్టదు.

సిబ్యాకి మూడు పాటలు నేర్పాను. మూడూ పాడి, చివర్న ఆ జవాబు కలుపుతోంది.

ఆయనకి చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. దుకాణం నుంచి లవంగపట్ట వాసనతో వస్తారు, సిబ్యాని భుజాన ఎత్తుకుంటారు, నా నోరు మూతపడిపోతుంది. ఆయన మంచివారు. కానీ నలుగురూ సరే అంటే సరే అనే మనిషి. వానలో అదే చేశారుగా.

ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. ఒక్కో ఊరి ఇళ్ల జాబితా తెప్పించి ఇక్కడ సరిచూస్తున్నారట. మన ఊరి జాబితా ఎవరు రాస్తున్నారు? అందులో మన ఇల్లు ఏ వరసలో ఉంది?

అతారా


గిబియోను
తెబేతు నెల, పదిహేను

చెల్లీ,

ఇది చదివాక కడిగెయ్యి. తుడిస్తే చాలదు, నీళ్లతో కడుగు.

జాబితా రాస్తున్నది నేనే. ఊళ్లో జాడీల పిడుల మీద పేర్లు గీసేది నేనే కనుక పెద్దలు నా చేతికే ఇచ్చారు. కిందటి ఉత్తరంలోనే చెప్పాల్సింది. నువ్వు ఇంకా బెంబేలుపడతావని దాచాను.

రెండు వరసలు రాయమన్నారు. ఒకటి బెన్యామీను ఇళ్లు, ఒకటి పాత గిబియోనీయుల ఇళ్లు. నలభై ఇళ్లూ ఎక్కడివక్కడ రాశాను. మన ఇంటి దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. నాన్న పేరు బెన్యామీను వరసలో రాశాను. ఎవరూ చూడలేదు. చూసినా చదవడం వచ్చినవాళ్లు ఊళ్లో ముగ్గురే.

జాబితా రేపు యెరూషలేముకి వెళుతుంది. నువ్విక భయపడక్కర్లేదు. అడిగితే నోరు మూసుకో చెల్లీ, జాబితా చూసుకోమను. పిల్లని మాత్రం తీసుకెళ్లకు. జ్వరమని చెప్పు. నువ్వు ఒకటి, జాబితా ఒకటి చెబితే నా పని అయిపోతుంది. శాస్త్రి చేతికి రాజు ఇచ్చిన అధికారం ఎంతటిదో నీకు తెలుసు.

నాన్నకి చెప్పలేదు. తప్పు చేశానని తెలుసు. నిద్ర పట్టడం లేదు. కానీ నిన్నూ సిబ్యానీ గాడిద మీద ఎక్కించిన దృశ్యం ఊహించుకుంటే మళ్లీ అదే రాస్తాననిపిస్తోంది.

గెదోరు


యెరూషలేము
తెబేతు నెల, ఇరవై తొమ్మిది

అన్నయ్యా,

నీ జవాబు రాలేదు. రెండు వారాలైంది. ఇమ్రీని అడిగితే, "పెంకు పెట్టానమ్మా, మూడో మోపులో, దేవుడి తోడు" అంటాడు. మోపులన్నీ విప్పి పుల్ల పుల్లా వెతికాను. ఆ మోపు పొరపాటున ఆలయం కట్టెల కొట్టుకి పోయిందేమో! ఎవరైనా చదివారేమో!  నువ్వేం రాశావో తెలియక అన్నీ ఊహించుకుంటున్నాను. నాన్నకి బాగాలేదా? నా ప్రశ్నకి కోపమొచ్చిందా?

రేపు వీధిలో మా వైపు ఇళ్ల వంతు. ఏం చెప్పాలో తెలియదు. నువ్వు మొదట చెప్పినట్టు "మాది గిబియోను" అని ఊరుకుంటాను.

ఇది రెండో పెంకు. మర్నాటి సాయంత్రం రాస్తున్నాను. ఇమ్రీ రేపు పొద్దున వెళతాడు కనుక ఇప్పుడే రాసెయ్యాలి.

వెళ్లాం. సిబ్యాని అత్తగారి దగ్గర వదుల్దామన్నాను. అందరూ రావాలని పిలిచేవాడు గట్టిగా అన్నాడు. ఆయన పిల్లని ఎత్తుకున్నారు. ఐదుగురు పెద్దలు. రాసేవాడు చుట్ట చూసి, "పరిమళ ద్రవ్యాల హషూబు. భార్య గిబియోను, బెన్యామీను వరస. సరిపోయింది, వెళ్లొచ్చు" అన్నాడు. నాకర్థం కాలేదు. బెన్యామీను అని ఎవరు రాశారు? అయినా దేవుడే కాపాడాడనుకుని వెనక్కి తిరిగాను.

పెద్దల్లో చివర కూర్చున్న ముసలాయనకి పిల్లలంటే ముచ్చటలా ఉంది. సిబ్యా గడ్డం పట్టుకుని, "ఏ ఊరు తల్లీ మీది? చాలా దూరమా?" అన్నాడు.

అంతే. ప్రశ్న అదే కదా అన్నయ్యా! ముసలాయన ముందుకి వంగి అడిగాడు, అది వాళ్ల నాన్న చేతుల్లోనే నిటారుగా లేచి చెప్పింది: "మేం దూరం వాళ్లం కాదు, ఈ పక్కవాళ్లమే. రొట్టె కావాలనే బూజు పట్టించాం. చెప్పులకి మేమే అతుకులేశాం."

మిగతా నలుగురూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు, కూతురి తెలివికి. ముసలాయన నవ్వలేదు. నా వైపు చూసి, "పిల్ల ఏమంటోందమ్మా?" అన్నాడు. మెల్లగానే అన్నాడు. పిల్ల మాటలండీ అంటే సరిపోయేది. వదిలేసేవాడనుకుంటాను.

నేను అనలేకపోయాను. సిబ్యా నా వైపు చూస్తోంది, బాగా చెప్పానా అన్నట్టు. దాని ముందు కాదని ఎలా అనను? తిర్నాకి తలాడించిన తల ఇంకోసారి ఆడించలేకపోయాను. "నిజమే చెప్పింది. మేం పాత గిబియోనీయులం. హివ్వీయులం," అన్నాను.

మా ఆయన చేతుల్లోంచి పిల్ల కిందికి జారింది. పడెయ్యలేదు. చేతులకి పట్టు పోయింది.

 జాబితాలో బెన్యామీను అని ఎవరు రాశారని పెద్దలు నన్ను అడిగారు. తెలియదన్నాను. అది నిజం. అన్నయ్యా, అది నువ్వు కాదని చెప్పు.

అతారా


గిబియోను
షెబాటు నెల, తొమ్మిది

చెల్లీ,

నేనే. పదిహేనో తారీఖు పెంకులో అదే రాశాను. అది నీకు చేరలేదని నీ ఉత్తరం చూశాకే తెలిసింది. చదివాక గోడకి చేరబడి కూర్చుండిపోయాను.

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రమే నా కోసం మనుషులు వచ్చారు. నిన్న యెరూషలేము ద్వారం దగ్గర నిలబెట్టారు. నిన్ను చూడనివ్వలేదు. మీ వీధి మలుపు దాకా వచ్చి వెనక్కి పోవాల్సి వచ్చింది. నీ ఇంటి పొగ చూశాను.

బయల్దేరేటప్పుడు నాన్నకి అంతా చెప్పాను. కొడతారనుకున్నాను. "మొదటి అబద్ధం నాది, నీదేముంది" అన్నారు. గోనె కింద చెప్పులు తీయించి నా చేతికిచ్చారు. "ఇవి పట్టుకెళ్లు. అప్పుడు కూడా ఇవే మాట్లాడాయి" అన్నారు.

పెద్దలు అడిగారు: "మొదటి రోజు నుంచీ మీది మోసమే. ఇవాళా మోసమే. మిమ్మల్ని ఎలా నమ్మాలి?"

 చెప్పుల జత వాళ్ల ముందు పెట్టాను. "మోసం మాదే. కానీ ఆ రోజు ప్రమాణం మీది. మోసం బయటపడ్డాక కూడా మీ పెద్దలు దాన్ని నిలబెట్టారు. ఆ తర్వాత సౌలు రాజు దాన్ని తప్పి మావాళ్లను చంపితే తర్వాతి రాజు దావీదు రోజుల్లో దేశమంతా మూడేళ్లు కరువుతో మాడింది. ఆ లెక్క తీరడానికి సౌలు ఇంటివాళ్లు ఎందరు ప్రాణాలివ్వాల్సి వచ్చిందో మీకే బాగా తెలుసు. మేం మీకు పరాయివాళ్లం కావొచ్చు. కానీ దేవుడి పేరు మీద మీరిచ్చిన మాట నిలబడి ఉందో లేదో చూడాలంటే మా ఇళ్లకే వచ్చి చూడాలి. ఇప్పుడు నా చెల్లెల్ని తరిమితే తరిమేది ఆ మాటనే."

ఇంత మాట నా నోట ఎలా వచ్చిందో!  ఆ ముసలాయన ఆ జత చేతిలోకి తీసుకుని, అతుకుని వేలితో తడిమాడు. తర్వాత వాళ్లలో వాళ్లు ఎండ వాలేదాకా వాదించుకున్నారు.

తీర్పు ఇది. ప్రమాణం ఉన్న జాతిని తరిమే అధికారం తమకి లేదన్నారు. కానీ నిన్ను బావ ఉంచుకుంటే సిబ్యా పేరు, ఇక పుట్టబోయే పిల్లల పేర్లు వాళ్ల నాన్న వరసలోంచి తీసి బలిపీఠం పనివాళ్ల వరసలో రాస్తారు. బావకి పరిమళ ద్రవ్యాలవాళ్లలో చోటు ఉండదు, మనతో పాటు కట్టెల వంతు మొయ్యాలి. వద్దనుకుంటే విడాకుల పత్రం రాసిచ్చి నిన్ను మా దగ్గరికి పంపొచ్చు. అదారు నెల మొదటి రోజుకల్లా ఏదో ఒకటి చెప్పాలట.

నన్నిక జాబితాలు రాయొద్దన్నారు. జాడీల మీద గీసుకోవచ్చట, అంతవరకు దయ చూపారు.

నీ మంచం అలాగే ఉంది. పక్క వేసి ఉంచుతాను. బావ మీద కోపం పెట్టుకోకు. ఆయన్ని అడగకుండానే ఆయన చేత ఇంత బరువు ఎత్తించాలని చూస్తున్నాం.

గెదోరు


యెరూషలేము
షెబాటు నెల, ఇరవై ఎనిమిది

అన్నయ్యా,

నీ పెంకు దొరికింది. పోయిందనుకున్నది.

ఇవాళ అత్తగారు పెరట్లో మాడిన గంజి గిన్నె గీకుతున్నారు. చేతిలో పెంకు ముక్క, దాని మీద నల్లటి గీతలు. "ఎక్కడిదండీ?" అన్నాను. "కట్టెల్లో దొరికింది. అంచు బాగా పదునుగా ఉంది, నెల రోజులుగా ఇదే వాడుతున్నా. నువ్వు చూడలేదా?" అన్నారు. చదువు రాని మనిషి. ఏమని తిట్టను? సిరా అంతా పోయి ఒక్క ముక్క మిగిలింది: నోరు మూసుకో చెల్లీ.

అక్కడే చతికిలబడి ఏడ్చాను. అది చేరి ఉంటే నేను నోరు మూసుకునేదాన్ని అన్నయ్యా. సిబ్యాకి జ్వరమనేదాన్ని, ఏదో ఒకటి చేసి ఇంట్లో ఉంచేదాన్ని. నా బిడ్డ వాళ్ల నాన్న పేరు మీద ఉండేది. చేరనందుకు సంతోషించాలో, అత్తగారి చెయ్యి విరిచెయ్యాలో ఇప్పటికీ తెలియడం లేదు.

ఆవిడ గిన్నె పక్కన పెట్టి వచ్చి నా దగ్గర కూర్చున్నారు. "హివ్వీయులంటే ఏమిటో నాకు తెలియదు. ఆరేళ్లుగా నా కాళ్లు నొప్పెడితే పట్టింది ఎవరో తెలుసు. కానీ వాడి బదులు నేను చెప్పలేను," అన్నారు.

తీర్పు తెలిసిన దగ్గర్నుంచి ఆయన పద్దెనిమిది రోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. దుకాణానికి వెళతారు, వస్తారు, తింటారు. రోజులు దగ్గరపడుతుంటే నేను బట్టలు సర్దుకున్నాను. సిబ్యావి కూడా. మూట గుమ్మం దగ్గర పెట్టాను, ఆయనకి కనిపించాలనే పెట్టాను.

నిన్న సాయంత్రం ఆయన మూట చూశారు. పక్కనే ఎప్పటిలా సిబ్యా బొమ్మని ప్రశ్న అడుగుతోంది. ఆయన దాని ముందు కూర్చుని, "ఆ బొమ్మ చెప్పదు, నన్నడుగు" అన్నారు.

"ఏ ఊరు మీది? చాలా దూరమా?" అంది.

ఆయన దాని బొమ్మని చేతిలోకి తీసుకున్నారు. అది ఊరుకోదుగా, "జవాబు రాదా నాన్నా? నేర్పనా?" అంది. నేర్పింది. ఆయన ఒక్కో ముక్కా వెనకాలే అన్నారు. మేం దూరం వాళ్లం కాదు. ఈ పక్కవాళ్లమే. 

తర్వాత మూట తీసుకెళ్లి లోపల పెట్టారు. "వానలో అందరితో కలిసి సరే అన్నాను అతారా. ఆ రోజు ఎవరి మొహమూ గుర్తు చేసుకోకుండా అన్నాను," అన్నారు. ఈ పొద్దున ద్వారం దగ్గరికి వెళ్లి తన మాట చెప్పి వచ్చారు. దుకాణం తాళం పెద్దల చేతిలో పెట్టి వచ్చారు.

భయం పోలేదు అన్నయ్యా. ఆయనకి ముప్పై నాలుగేళ్లు, బరువెత్తి ఎరగరు. రేపు నలుగురూ ఆయన్ని చూసి నవ్వుతారు. ఏదో ఒక రోజు నన్ను చూసి ఆయనకే విసుగొస్తుందేమో. అదంతా ఉంది. అయినా ఇవాళ గంజి మాడకుండా కాచాను.

ఆ చెప్పులు మళ్లీ గోడకి కట్టు. ఈ పెంకు చివర చోటు వదలమని మా ఆయనే అడిగారు. నీకు ఏదో రాస్తారట.

అతారా

బావా, రేపు ఇమ్రీతో ఒక గొడ్డలి పంపు. చిన్నదైతే మంచిది. నాకు పట్టుకోవడం కూడా రాదు, వచ్చి నేర్పాలి. హషూబు.